మా అత్తగారి నోరు కట్టేసిన బేరం

బేరంలో నన్ను మించినవాళ్లు ఖరగ్‌పూర్‌లో లేరని నేను చెప్పుకోనక్కర్లేదు, పూరీ గేట్ బజారులో ఏ కొట్టువాణ్ణి అడిగినా దండం పెట్టి మరీ చెప్తాడు. ఆ బేరాలన్నిటిలోకీ గొప్పది ఒకటుంది. మూడంటే మూడు ముక్కల్లో మా అత్తగారి నోరు మూయించేశాను, అదీ ఒక పూటకో రెండు పూటలకో కాదు, ఆవిడ పోయేదాకా. దెబ్బలాడలేదు, వేరు కాపురం పెట్టలేదు, మా ఆయన చేత ఒక్క మాటైనా అనిపించలేదు. ఇలా గెలిచిన కోడలు మీ ఎరుకలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి చూసొస్తాను.

ఈ ఘనకార్యాన్ని ఇన్నేళ్లూ కడుపులోనే దాచుకున్నాను. మొన్న మా ఊళ్లోనే తాల్‌బగీచాలో, రెండు గదుల చిన్న ఇంట్లో, అది కాస్తా నాకే ఎదురొచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు నేర్పే చోటది. నేర్పే అమ్మాయి మన తెలుగు క్రిస్టియన్ల పిల్లే, ముత్తాతల నాడు రైల్వే పనికని కోస్తానుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. మా అమ్మాయికీ ఆటిజమే, దానికిప్పుడు ముప్పయ్యేళ్లు దాటాయి కాబట్టి, కొత్తగా ఈ దారిలోకి వచ్చిన తల్లులకు కాస్త ధైర్యం చెప్పమని నన్ను పిలిచింది. నేను పెద్దరికం వెలగబెడుతూ ముందు కుర్చీలో కూర్చునుండగా ఒక తెలుగు కోడలు మూడేళ్ల బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఇంట్లో బిడ్డతో ఎక్కువ మాట్లాడేది ఎవరమ్మా అని ఈ నేర్పే పిల్ల అడిగింది. మా అత్తమ్మేనండి, కాని ఆవిడకు తెలుగు తప్ప మరోటి రాదు, అది కూడా మోటు తెలుగు, అని ఆ కోడలు నసిగింది. "అయితే రేపు ఆవిడనే తీసుకురండి. ఇంట్లో ఎలాగ మాటాడతారో ఇక్కడా అలాగే మాటాడమనండి, మేం ఆవిడ దగ్గర నేర్చుకుంటాం" అంది ఈ పిల్ల. నేను చెప్పవలసిన ధైర్యం నాకే చాలకుండా పోయింది. నీళ్లు తాగొస్తానని లేచి వరండాలోకి వచ్చేశాను.

మా నాన్నది బట్టల కొట్టు. కొట్టు వెనక గదిలో పెరిగినవాళ్లు మీలో ఉంటే నేను చెప్పబోయేది మీకు కొత్తేం కాదు. ముందు గదిలో బెంగాలీ దీదీలతో బెంగాలీ, వర్క్‌షాపు దాదాలతో హిందీ, పండగ ముందు వచ్చే ఒడియావాళ్లతో వచ్చినంత ఒడియా. తెలుగు మాత్రం వెనక గదిలో, కంచాల దగ్గర, తిట్టుకోవడానికీ ముద్దులాడుకోవడానికీను. చెల్లుబడి అయ్యే మాట ముందుగదిది, చెల్లనిది వెనకగదిది అన్న లెక్క నా బుర్రలో అప్పుడే కూర్చుండిపోయింది. ఇంకో విద్య కూడా అక్కడే అబ్బింది. అమ్మేటప్పుడు సరుకును ఎంత పొగుడుతామో కొనేటప్పుడు అంత తెగడాలి. సరుకు కొనడానికి కలకత్తా వెళ్తే మా నాన్న నన్ను వెంటపెట్టుకు వెళ్లేవాడు. నచ్చిన చీర చేతికి రాగానే ముఖం చిట్లించడం నా ఉద్యోగం. ఒకసారి మరీ శ్రద్ధగా చిట్లించినట్టున్నాను, "ఏటే, కడుపునొప్పా? కొంచిం తగ్గించు, ఆడికి అనుమానమొస్తాది" అని గొణిగాడు. ఆ ముఖంతోటే నేను పెద్దదాన్నయ్యాను, ఆ ముఖంతోటే నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో కాపురానికీ వచ్చాను.

మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. మా అత్తగారు శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక ఈ ఊరొచ్చి, ముప్పయ్యేళ్లున్నా తెలుగు దాటి ఒక్క మాట నేర్చుకోలేదు. పాలు పోసే బిహారీ అతనితో చేతులతోనే వాదించి, చేతులతోనే గెలిచేది. నాకూ ఆవిడకూ పొసగేది కాదు. "ఓలమ్మో, ఇది పులుసా, పప్పు కడిగిన నీల్లా?" అని గిన్నె ముందు పెట్టుకుని అడిగే మనిషితో ఏ బజారుపిల్లకు పొసగుతుంది చెప్పండి.

మా అమ్మాయికి నాలుగేళ్లు నిండినా పలుకు లేదు. పిలిస్తే తిరిగేది కాదు, కిటికీ గట్టుమీద గుండీలు వరసగా పేర్చుకుంటూ గంటలు గడిపేది, మిక్సీ తిరిగితే చెవులు మూసుకుని మంచం కిందకు దూరేది. తల మీద చెయ్యి వేస్తే కాలనీ అంతా వినపడేలా కేకలు పెట్టేది, ఒక్క మా అత్తగారి దగ్గర తప్ప. ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లను ఒళ్లోకి లాక్కుని, జుట్టు మూడు పాయలు తీసి, "ఈ పాయ అమ్మకి, ఈ పాయ అయ్యకి, ఈ పాయా..." అని అక్కడ ఆగేది. దువ్వెన గాల్లో పెట్టుకుని ఎంతసేపైనా ఆగేది. చివరికి పిల్ల, ఎటో చూస్తూ, "నాకి" అనేది. రోజూ అనేది. "సూసినావా కోడలా, గుంట నాకి అంతాది. దీనికి మాటలు రావంతావేటి?" అని ఆవిడ నన్ను కేకేసేది. అదీ ఒక మాటేనా అని నేను నవ్వేదాన్ని. 'నాకు' అనరాదా, అందులోనూ పల్లెయాసే, అని లోపల్లోపల విసుక్కునేదాన్ని కూడాను.

కలకత్తాలో పెద్ద డాక్టరమ్మ ఒకావిడ ఉందని తెలిసి వెళ్లాం. ఆవిడ దగ్గర చేర్చుకునే పిల్లలు కొద్దిమంది, ఎదురుచూసేవాళ్లు చాలామంది. బొత్తిగా మాటలేని పిల్లలకు ముందు చోటిస్తారని బయట బెంచీ మీద ఎవరో అనగా విన్నాను. ఇంకేం, నా ముఖం దానంతటదే సిద్ధమైపోయింది. ఆవిడ ఎంతో నిదానంగా, హిందీలో, ఏ భాషలోనైనా సరే, మీ పాప ఒక్క మాటైనా అంటుందా అని అడిగింది. ఏ భాషలోనైనా సరే అన్న ముక్క నాకు స్పష్టంగానే వినపడింది. "ఏక్ భీ నహీ", ఒక్కటీ లేదు, అన్నాను. మా ఆయన ఏదో అనబోతే బల్ల కింద కాలు తొక్కాను. ఇంట్లో ఎన్ని భాషలని అడిగితే నాలుగని గొప్పగా చెప్పాను. దానికి ఆవిడ, ఏ ఒక్క మాట ఉన్నా ఆ భాషనుంచే మొదలుపెట్టేవాళ్లం, ఏమీ లేదంటున్నారు కాబట్టి బడిలో పనికొచ్చే భాష ఒకటి పట్టుకోండి, తక్కినవి ప్రస్తుతానికి ఆపండి, అంది. ఆ రోజుల్లో అందరూ అలాగే చెప్పేవారట. నోరు విప్పడానికి నాకు అప్పటికీ వ్యవధి ఉంది. కాని చోటు దాదాపు చేతికొచ్చింది, చేతికొచ్చిన బేరం చెడగొట్టుకునే వంశం కాదు మాది. ఠీక్ హై అన్నాను, చోటు దొరికింది.

ఇంటికొచ్చి, ఇక ఈ ఇంట్లో పిల్లతో హిందీయే మాట్లాడాలన్నాను. నాకు రాదు గదే అంది మా అత్తగారు. రాకపోతే దానితో మాట్లాడకండి, అన్నాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నా మనసులో దిగులుతో పాటు ఒక చిన్న సంబరం కూడా కలిగింది. పులుసు గిన్నె గుర్తొచ్చింది. ఆవిడ దెబ్బలాడుతుందని నడుం కట్టుకుని నిలబడ్డాను. "డాక్టరమ్మ సెప్పినాదా?" అని ఒక్కటే అడిగింది. అవునన్నాను. "గుంటకి మంచిదైతే నాకేటి, మూసుకుంతాను" అంది.

మర్నాడు పొద్దున్న పిల్ల అలవాటుగా వెళ్లి ఒళ్లో కూర్చుంది. ఆవిడ మూడు పాయలూ తీసింది, మాట లేదు. పిల్ల ఆగింది. ఇటు తిరిగింది. ఎవరి ముఖమూ చూడని పిల్ల ఆవిడ ముఖంలోకి చూసి, వేళ్లతో ఆవిడ పెదాలు విడదీసింది. మా అత్తగారు నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

కొన్నాళ్లకు ఆ జడ దగ్గర గొడవ మొదలైంది, కేకలు, రక్కడాలు. జుట్టు పొట్టిగా కత్తిరించేశాను, దానితో ఆ పనీ లేకుండా పోయింది. మా అమ్మాయి మెల్లమెల్లగా నీళ్లకు పానీ అంది, చాలనడానికి బస్ అంది, ఏడాది తిరిగేసరికి ఇంటికెళ్దామని ఘర్ చలో కూడా అంది. అవి వచ్చిన రోజుల్లో నేను వీధంతా మిఠాయి పంచిపెట్టాను. నాకి అన్నది ఎప్పుడు ఆగిపోయిందో మాత్రం నాకు తెలియదు, ఎవరమూ గమనించలేదు. మా అత్తగారు గమనించే ఉంటుంది, చెప్పలేదు. పిల్ల చెవిన పడుతుందేమోనని ఆవిడ మాతో కూడా మాట తగ్గించేసింది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని వచ్చిన చుట్టాలతో అనేదాన్ని.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఆవిడ మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం పిల్ల గుమ్మంలో వచ్చి నిలబడింది. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసింది. మాట్లాడడానికి సెలవడుగుతోందని నాకు అర్థమైంది. మాట్లాడండి అత్తయ్యా అన్నాను. ఆవిడ ప్రాణం కూడదీసుకుని "ఏటే గుంటా" అంది. పిల్ల మిక్సీ తిరిగినప్పటిలాగే రెండు చెవులూ మూసుకుని వెళ్లిపోయింది. నేను దాన్ని పట్టుకురావడానికి లేస్తే ఆవిడే ఆపింది. "పోనీలే కోడలా, దానికి నా గొంతు కొత్త గదా" అంది, నన్నే ఓదారుస్తున్నట్టు.

డాక్టరమ్మతో ఏం చెప్పానో, ఏం చెప్పలేదో, మా అత్తగారికి ఆవిడ పోయేదాకా నేను చెప్పనేలేదు. మా ఆయన కూడా చెప్పలేదు; ఆయన కాలు తొక్కింది నేనే కదా.

ఇప్పుడు కాలం మారింది. తాల్‌బగీచాలో గోడ మీద బొమ్మల కింద మూడు లిపుల్లో పేర్లు రాసి ఉన్నాయి. బెంగాలీ ఇంటి పిల్లకు బెంగాలీ, మన పిల్లకు మన మాట, రెండూ ఉన్న ఇంటికి రెండూ. ఇంట్లో ఎన్ని భాషలున్నా బిడ్డకు అదేం బరువు కాదట. ఏ మాట చిన్నదో ఏది మోటుదో తల్లి తూచి చెప్పనక్కర్లేదట, ఉన్నదున్నట్టు చెప్తే చాలట. వరండాలోంచి మళ్లీ లోపలికి వెళ్లి, ఆ తెలుగు కోడలి పక్కన కూర్చుని, మీ అత్తమ్మ ఏమంటుందో, దానికి బిడ్డ ఏమంటుందో, పొల్లుపోకుండా ఈ నేర్పే పిల్లకు చెప్పమ్మా అన్నాను. అంతకంటే ధైర్యం నా దగ్గర లేదు.

ఇక లెక్క. మా అమ్మాయికి వచ్చిన మాటలు నిజమైనవే, వాటితోటే అది ఇవాళ బజారుకు వెళ్లి కావలసింది అడిగి తెచ్చుకుంటోంది, అది లాభమే. కాని ఆ లాభానికి బదులుగా ఏదో ఒకటి ఇచ్చెయ్యమని నన్నెవరూ అడగలేదు. డాక్టరమ్మ మీద రాయడానికి వీల్లేదు, ఆవిడ అడిగింది, నేను లేదన్నాను. కాలం మీద కొంత రాయొచ్చు గాని, బల్ల కింద కాలు తొక్కింది కాలం కాదు. నాలుగేళ్లు, ఆ క్వార్టర్లోని రెండు గదుల్లోనే, ఒక ముసలావిడా ఒక పసిపిల్లా ఒకరికొకరు మాట లేకుండా బతికారు. అదంతా నా పేరు మీదదే. ఇందులో తగ్గించమని అడగడానికి ఏమీ లేదు.