మాలకొండమ్మ మోసిన మాటలు

మనుబోలులో జయరామయ్య ఇంట్లో తండ్రీ కొడుకులకు నాలుగేళ్లుగా మాటల్లేవు. పంటకాలవ గట్టు తెంచి నీళ్లు మళ్లించుకున్నది ఎవరని పెద్దమనుషులు అడిగితే, "మా వాడే" అని జయరామయ్య నలుగురిలో చెప్పేసినాడు. కొడుకు మస్తానయ్య తలవంచుకుని తప్పు ఒప్పుకున్నాడు గానీ, ఆ పూట నుంచి తండ్రితో మాట మానేసినాడు. పంతంలో తండ్రీ తక్కువేం కాదు.

ఒకే ఇల్లు, ఒకే సేద్యం. మధ్యలో మాలకొండమ్మ.

"నారుమడికి నీళ్లు పెట్టమను వాణ్ణి," అంటాడు మొగుడు. కొడుకు అక్కడే కూర్చుని సద్ది తింటుంటాడు. అయినా ఆమే చెప్పాలి.

"పొద్దున్నే పెట్టినానని చెప్పు," అంటాడు వాడు. అదీ ఆమే చెప్పాలి. మాటలో ముల్లుంటే తీసేసి చెప్పడం అలవాటైపోయింది.

అరవై మూడులో గూడూరులో ఒక సినిమా వచ్చింది. పక్కింటి కామాక్షమ్మ చూసొచ్చి, "అచ్చం మీ ఇంటి కథే అక్కా. చివర్లో తండ్రీ కొడుకులు కలుస్తారు చూడూ, హాలంతా ఏడుపే," అనింది. మాలకొండమ్మకు ఆశ పుట్టింది. ఇద్దర్నీ బతిమాలి మ్యాట్నీకి బస్సెక్కించింది.

ఆడవాళ్ల బెంచీల్లో కూర్చుని ఆమె తెరకన్నా మగవాళ్ల వైపే ఎక్కువ చూసింది. సినిమాలో తండ్రి అరుస్తాడు, కొడుకు ఇల్లొదిలి పోతాడు. వాళ్లకు ఎందుకు పడదో ఎవరూ చెప్పరు. తల్లి మాత్రం మొదటినుంచీ దగ్గుతానే ఉంటుంది. ఆఖరికి ఆమె చచ్చిపోయింది. శవం పక్కన వాళ్లిద్దరూ కౌగిలించుకుని భోరుమన్నారు. చుట్టూ ఆడవాళ్లు ముక్కులు చీదుకుంటుంటే మాలకొండమ్మకు ఒక్క చుక్క రాలేదు. ఇంతేనా అనిపించింది. ఇద్దరికీ అన్నం పెట్టిన మనిషిని చంపితే తప్ప ఆ కథ రాసినాయనకు దారి దొరకలేదా? అంతలోనే తన సంగతి తట్టింది. తనూ అట్లాగే నడుమ నలిగి పోవడానికి కూర్చున్నట్టుంది.

బస్సు కోసం నిలబడినప్పుడు ఇద్దరికీ వినపడేలా చెప్పింది. "ఆ తల్లి మాదిరి నేను చావను. రేపట్నుంచి మీ మాటలు నేను మొయ్యను. మీకూ నోళ్లుండాయి."

బస్సులో ఇద్దరూ చెరో మూల కూర్చున్నారు.

ఆమె అన్నంత పనీ చేసింది. మొగుడు "వాడికి చెప్పు" అంటే బియ్యం చెరుగుతా ఉండిపోయింది. వారం తిరిగేసరికి పైమడికి ఇద్దరూ నీళ్లు పెట్టినారు, కింది మడి నెర్రెలిచ్చింది. ఆమె నోటిదాకా వచ్చిన మాట మింగేసుకుంది.

పదకొండో రోజు జయరామయ్య గోడకేసి చూస్తా, "కింది మడికి ఎవరు పోతారు?" అన్నాడు.

"నేను పోతాలే," అన్నాడు మస్తానయ్య, చేతిలోని చెంబుకేసి చూస్తా.

అంతే. కౌగిలింతలూ కన్నీళ్లూ లేవు. గట్టు సంగతి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రోజుకు రెండు మాటలు, తర్వాత నాలుగు.

మరుసటేడు నాట్లయినాక, కొడుకు బస్తాల్లో వచ్చే సర్కారు ఎరువు వేద్దామన్నాడు. పశువుల పెంటే చాలన్నాడు తండ్రి. గొంతులు వీధి చివరిదాకా వినపడినాయి. ఎదురింటి హజరత్తయ్య విడదీద్దామని పరుగెత్తుకొచ్చినాడు.

మాలకొండమ్మ గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ అన్నా. మాట్లాడుకుంటా ఉండారు."