రన్‌వే మీద మిర్చి

మొన్న సూర్యాపేట మార్కెట్ యార్డు పక్కనుంచి వెళ్తుంటే ఎండుమిర్చి ఘాటు గొంతులో పడింది. దగ్గు ఆగేసరికి యాదగిరి సార్ గుర్తొచ్చారు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆయన నాకు ఏమయ్యారో అర్థం కాదు. మా ముత్తాత వీరరాఘవరావు ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలు. మా తాత జానకిరామారావు ఎదుట చెప్పులతో నడిచినవాళ్లు పాలకీడు వైపు లేరు. ఆ తాత దగ్గర పొలం పనికి జీతమున్నవాళ్లలో యాదగిరి సార్ తండ్రి ఒకరు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ జీతగాడి కొడుకు వైమానిక దళంలో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చి, సిమెంటు ఫ్యాక్టరీల అవసరానికి వేసిన చిన్న విమానాశ్రయానికి ఇన్‌చార్జిగా ఉన్నారు. ఒక రన్‌వే, రేకుల షెడ్డు, గాలివాటం చూపే గుడ్డ గొట్టం, వైర్‌లెస్ సెట్టు. వారానికి ఒకటో రెండో విమానాలు. నేను ఆయన కింద గుమస్తాను. రన్‌వే ఉన్న నేల ఒకప్పుడు మాది. మొదటి ఆరు నెలలు ఆయనను సార్ అనకుండా గడిపాను. పని పడితే పిలవకుండా వెళ్లి ఎదురుగా నిలబడేవాణ్ని. ఆయనకు అది తెలుసు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. విమానం దిగే ముందు రన్‌వేను ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూడాలి. రాయి, మేకు, చచ్చిన పిట్ట, ఏది కనబడినా ఏరాలి. జీపు ఉన్నా ఆయన నడిచే వెళ్లేవారు. మొదటి రోజు నేనొక కంకరరాయిని బూటుతో పక్కకు తన్నాను. ఆయన వెళ్లి, వంగి, దాన్ని తీసి జేబులో వేసుకున్నారు.

"తంతె మల్ల గీడికే వస్తది. చేత్తోని తియ్యాలె."

"నాకు వంగే అలవాటు లేదు."

"నడుము నొప్పా?"

"కాదు."

"మరింకేంది, అలవాటైతది తీ."

ఒక ఏడు మిర్చి కోతల కాలంలో అకాల వర్షం పడింది. పక్క ఊరి సైదమ్మ వచ్చి కంచె దగ్గర నిలబడింది. కౌలు పంట. కల్లమంతా బురద, కాయకు బూజు పట్టేలా ఉంది. "దొరా, మీ తాత జాగనే గద. గా కొసకు జర ఆరబోసుకుంట, రెండు దినాలే" అంది. నన్ను ఎవరైనా దొరా అని ఎన్నేళ్లయిందో. రెండు రోజులు విమానాలు లేవు. యాదగిరి సార్ పని మీద కోదాడ వెళ్లారు. గేటు తీయించాను. ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఫ్యాక్టరీలో ఒక ఇంజినీరుకు గుండెపోటు. తీసుకెళ్లడానికి హైదరాబాదు నుంచి విమానం బయలుదేరింది, అరగంటలో దిగుతుంది. అప్పుడే కోదాడ నుంచి వచ్చిన యాదగిరి సార్ నన్ను వెంటబెట్టుకుని నడక మొదలుపెట్టి, సగం దూరం పోయి ఆగారు. ఆ చివరంతా ఎర్రగా పరిచి ఉంది. దగ్గరికి వెళ్లేసరికి పక్కన సైదమ్మ, ఆమె కోడలు.

"ఎవలు రమ్మన్నరు?"

నేను గుడ్డ గొట్టం వైపు చూశాను.

"దొర రమ్మన్నడు సారూ" అంది సైదమ్మ.

ఆయన నా వైపు చూడలేదు. "బస్తాలు తేండ్రి. గిది గాలికి లేస్తే పైలట్‌కు కండ్లు కానరావు" అంటూ తానే చతికిలబడి రెండు చేతులతో పోగుచేయసాగారు. నేనూ కూర్చున్నాను.

"అయ్యో దొరా, మీరు ఎత్తొద్దు, మాకు పాపం తగుల్తది."

"ఎత్తనియ్యమ్మా, పుణ్యం మనకే" అన్నారు యాదగిరి సార్. కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కళ్లు మండిపోతూ ఆఖరి కాయ ఏరేసరికి విమానం చప్పుడు వినిపించింది. దిగింది, ఇంజినీరును ఎక్కించుకుని వెళ్లింది. బతికాడని వారానికి తెలిసింది.

ఆ సాయంత్రం, జరిగింది రిజిస్టరులో రాయవలసి వచ్చింది. దాన్ని పైవాళ్లు చూస్తారు. "తప్పు నీది, రాసుడు గూడ నీదే" అని ఆయన పుస్తకం నా ముందు పెట్టారు. పక్క గ్రామపు స్త్రీ ఒకతె అనుమతి లేకుండా మిర్చి ఆరబోసినది అని రాశాను. ఆయన చదివి పుస్తకం వెనక్కి తోశారు.

"గిట్ల రాస్తే ఆమె మీద కేసైతది. మా నాయిన మీద సుత మీ ఇంట్ల గిట్లనే చెయ్యని తప్పొకటి రాసిండ్రు. ఏం రాసిండ్రో నాకు సదువొచ్చినంక తెలిసింది."

"ఆ జాగ మాది కాబట్టే..." అన్నాను. వాక్యం ఎటు పోతుందో నాకే తెలియదు.

"అమ్మిండ్రు గద?"

ఎత్తిపొడుపు లేదు. తెలియక అడిగినట్టే అడిగారు.

రాసింది కొట్టేసి మళ్లీ రాశాను. అనుమతి ఇచ్చింది నేను. ఇచ్చే అధికారం నాకు లేదు. కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. "చూడండి సార్" అని ఇచ్చాను. మూడు నెలలు సస్పెండు చేశారు. సైదమ్మ జోలికి ఎవరూ పోలేదు.

యాదగిరి సార్ పోయి మూడేళ్లు. వినయం నాకు ఇప్పటికీ రాలేదు, వస్తుందనీ అనుకోను. తప్పు జరిగిన చోట ముందు నా పేరు రాస్తాను, ఆయన దగ్గర నేర్చుకున్నది అదే. మా చుట్టాల్లో ఈనాటికీ ఆ భూమిని సర్కారు గుంజుకుందని చెప్పుకుంటారు. గుంజుకోలేదు. రన్‌వే కింది నలభై ఎకరాలను మా నాన్న మిర్యాలగూడలో కూర్చుని, సంతకం పెట్టి అమ్మారు.