కంచె దగ్గర పడాల్సిన మనిషి

నేను పుట్టింది జూన్‌లోనే. స్కూలు సర్టిఫికెట్‌లో జూన్, పాస్‌పోర్టులో జూన్, ఆసుపత్రి కాగితంలోనూ జూనే. నవంబరు అని నాలుగేళ్లుగా కొందరికి చెబుతూ వచ్చాను. అది అబద్ధం. ఆ అబద్ధం వల్ల నష్టపోయింది ఒక్క మనిషి, ఆయన నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ మనిషి న్యూజెర్సీలో మా ఎడిసన్ ఊళ్లో ఉండే రిటైర్డ్ డాక్టరుగారు. నేను పుట్టకముందే అమెరికా వచ్చినవారు. ఓక్ ట్రీ రోడ్‌లోని కిరాణా షాపులో, బెండకాయలు ఏరుకుంటుంటే, మొదటిసారి నాతో మాట్లాడారు.

"నీ నడుము ఎంతబ్బాయ్?"

"ముప్పై ఎనిమిదండీ."

"సరిపోతావు."

వాళ్ల రెజిమెంటులో ఒకాయన ఫ్లోరిడా వెళ్లిపోయాడట, యూనిఫాం ఒకటి ఖాళీగా ఉందట. అలా నేను అమెరికా అంతర్యుద్ధంలో న్యూజెర్సీ పదాతి దళంలో సిపాయినయ్యాను. వర్క్ వీసా మీద ఉన్నవాడు ఇంకో దేశపు సైన్యంలో చేరొచ్చా అని మా ఆవిడ అడిగింది. ఇది వేషాల సైన్యమని, ఏడాదికి నాలుగుసార్లు పార్కులో పాత యుద్ధాన్ని మళ్లీ ఆడతారని, తుపాకుల్లో మందు ఉంటుంది గానీ గుండ్లు ఉండవని చెప్పాను. "అయితే మంచిదే, వీకెండ్ ఇంట్లో ఉండవు," అంది.

సభ్యులంతా ప్లంబర్లు, అకౌంటెంట్లు, పళ్ల డాక్టర్లు. కెప్టెన్ ఒక హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన అమెరికన్. ఆ యుద్ధకాలంలో లేని చేతి గడియారం కనిపించినా ఊరుకోడు. డాక్టరుగారి సంచిలో మాత్రం వాళ్లావిడ కట్టిచ్చిన పులిహోర ఉండేది. కెప్టెన్ ఒకసారి రుచి చూసి, అన్నం ఆ రోజుల్లోనూ ఉండేదని తీర్పు చెప్పాడు.

డాక్టరుగారికి ఈ పిచ్చి ఎందుకో టెంట్ ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. అసలు రెజిమెంటు చరిత్ర ఆయనకు కంఠతా వచ్చు. గుండు దెబ్బలకన్నా విరేచనాలతోనే ఎక్కువమంది పోయారని వైద్యుడిగా చాలా ఇష్టంగా చెప్పేవారు. కానీ ఒక సిపాయి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గేది. ఒక పొలంలో దాడి జరిగినప్పుడు జెండా మోసేవాడు కంచె దగ్గర పడిపోయాడు. వెనక ఉన్నవాడు ఆ జెండా అందుకుని ఒంటరిగా రాతిగోడ దాకా వెళ్లాడు.

"ఓడ దిగి ఆర్నెల్లు కాలేదట వాడు. ఇంగ్లీషు కూడా సరిగా రాదు," అనేవారు డాక్టరుగారు. "ఎవరి దేశం, ఎవరి జెండా? అయినా ఎత్తుకున్నాడు. మోకాళ్లు పూర్తిగా పోయేలోపు ఒక్కసారి నేను వాడిలా ఆ గోడ దాకా వెళ్లాలబ్బాయ్."

అది ఇన్నేళ్లూ ఎందుకు కుదరలేదో కూడా చెప్పాలి. ఈ యుద్ధాల్లో చావడానికి ఎవరూ ఒప్పుకోరు. రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చినవాడు మొదటి తూటాకే గడ్డిలో పడుకోవాలంటే మనసొప్పదు. అందుకని మా కెప్టెన్ పుట్టిన నెలల పద్ధతి పెట్టాడు. జూన్, జూలైవాళ్లు కంచె దగ్గరే పోవాలి. చలికాలంలో పుట్టినవాళ్లు గోడ దాకా బతుకుతారు. డాక్టరుగారి సర్టిఫికెట్‌లో జూలై. ఆ లెక్కన ఇరవై ఏళ్లు కంచె దగ్గరే పోయారు. అసలు పుట్టింది కార్తీక పౌర్ణమినాడు.

చివరికి ఆయన కెప్టెన్‌ని కూర్చోబెట్టి, మా దేశంలో స్కూల్లో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టారు తనకు వీలైన తేదీ వేసేస్తాడని, మాకు కాగితం మీద ఒక పుట్టినరోజు, ఇంట్లో ఇంకో పుట్టినరోజు ఉంటాయని వివరించారు. కెప్టెన్ చాలాసేపు ఆలోచించి రిజిస్టర్‌లో జూలై కొట్టేసి నవంబరు రాశాడు. అలా ఆయనకు బతికే యోగం పట్టింది.

ఆ వసంతంలో కెప్టెన్ నాకు జెండా ఇచ్చాడు. నేను పొంగిపోయాను. ముందు చచ్చేవాడు కాబట్టే నాకిచ్చారని తర్వాత తెలిసింది. నేను జూన్. కంచె దగ్గర నేను పడాలి, వెనకున్న డాక్టరుగారు జెండా అందుకోవాలి. ముందురోజు ఆయన నాతో పదిసార్లు రిహార్సల్ చేయించారు. "కుడివైపు పడు. కర్ర నా వైపు వాలాలి. ముక్కు గోక్కోకు."

మర్నాడు దాడి మొదలైంది. ఉన్ని కోటులో ఉడికిపోతూ కంచె దగ్గరికి చేరాను. ఎదుటివాళ్ల తుపాకులు ఒక్కసారిగా పేలాయి. నేను పడాల్సిన చోటు చూశాను. కెనడా బాతులు అక్కడ రాత్రంతా మహాసభ జరిపినట్టున్నాయి. జానెడు శుభ్రమైన గడ్డి లేదు. అప్పుడే జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నుంచి మా తొమ్మిదేళ్ల అమ్మాయి కేక వినిపించింది.

"నానా, నువ్వు డై అవ్వద్దు!"

మా ఆవిడ ఫోన్ ఎత్తి వీడియో తీస్తోంది. నేను పడలేదు. కంచె దాటాను.

"పడవయ్యా," అన్నారు వెనక నుంచి డాక్టరుగారు.

నేను నడక పెంచాను.

"ఇదిగో, చచ్చిపో ముందు. దూరం అయిపోతోంది."

ఇంకా పెంచాను. శత్రుసైన్యంలోని పళ్ల డాక్టరు ఒకాయన తుపాకీ దించి, "నిన్ను రెండుసార్లు కాల్చాను," అని ఇంగ్లీషులో ఫిర్యాదు చేశాడు. మా డాక్టరుగారి ఆయాసం కొంతసేపు నా వెనకే వచ్చి, ఆగిపోయింది. నేను గోడ ఎక్కి జెండా పాతాను. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత కెప్టెన్ అందరి ముందూ రిజిస్టర్ తెరిచాడు. "నువ్వు జూన్ కదా?"

నోటికొచ్చింది అనేశాను. "అది సర్టిఫికెట్‌లో సార్. నిజానికి నేను పుట్టింది నవంబరులో."

ఎవరూ నమ్మేవాళ్లు కాదు. కానీ డాక్టరుగారు ముందుకొచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "మావాళ్లలో ఇది మామూలే కెప్టెన్. అబద్ధం ఆడే కుర్రాడు కాదు," అన్నారు. తర్వాత నాతో తెలుగులో, "ముందే చెప్పొచ్చుగా అబ్బాయ్. ఎవరైనా జూన్‌వాడికి ఇప్పించేవాణ్ణి జెండా," అన్నారు. అంతే. ఆ మాటలో కోపం కూడా లేదు.

భారతీయుల పుట్టినరోజులతో తను వేగలేనని కెప్టెన్ ఆ పద్ధతే ఎత్తేసి, టోపీలోంచి చీటీలు తీయించడం మొదలుపెట్టాడు. మర్నాటి యుద్ధంలో డాక్టరుగారికి కంచె వచ్చింది. ఆ తర్వాతా కంచే. తర్వాత మోకాళ్ల ఆపరేషన్.

ఈలోగా నా అబద్ధం బాగా బలిసింది. ప్రతి నవంబరులో డాక్టరుగారి భార్య నాకు రవ్వలడ్లు చేసి పంపేవారు. నక్షత్రం అడిగితే ఏదో ఒకటి చెప్పాలని రోహిణి అన్నాను. నాది ఆరుద్ర. జూన్‌లో మా ఇంట్లో కర్టెన్లు వేసుకుని కేకు కోసేవాళ్లం. మా అమ్మాయి హ్యాపీ బర్త్‌డే గుసగుసగా పాడేది. "నీ అబద్ధం మాట ఎలా ఉన్నా లడ్లు మాత్రం బావున్నాయి," అనేది మా ఆవిడ.

పోయిన నవంబరులో డాక్టరుగారు ఇంటికి పిలిచారు. సోఫాలో, రెండు కొత్త మోకాళ్లతో కూర్చుని ఉన్నారు. బల్ల మీద లడ్లు, వాటి పక్కన ఆయన సిపాయి టోపీ.

"పుట్టినరోజు కానుక," అన్నారు టోపీ నా చేతికిస్తూ. "నాకింక కుదరదు. మనవాళ్లలో గోడ దాకా వెళ్లింది నువ్వొక్కడివే. నీ దగ్గరే ఉండాలి."

టోపీ లోపల పట్టీ ఆయన చెమటకి నల్లబడి ఉంది. ఇంక ఆపుకోలేకపోయాను. "డాక్టరుగారూ, నేను జూన్‌లోనే పుట్టాను."



"మరి రోహిణి?"

"అది కూడా కాదండీ."

"ఏమేవ్," అని వంటింటివైపు కేకేశారు. "నాలుగేళ్లు నువ్వు గుళ్లో చేయించిన అర్చనలన్నీ ఎవడో రోహిణివాడికి చేరాయట."

వాళ్లావిడ వచ్చి నన్ను చూశారు. బల్ల మీది లడ్ల పళ్లెం మెల్లగా తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ పళ్లెం వెనకే నేను చెప్పాల్సిన మాట కూడా వెళ్లిపోయింది. టోపీ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

కెప్టెన్‌కి కూడా వెళ్లి చెప్పాను. ఆయన అంతా విని పాత రిజిస్టర్ తీశాడు. నా పేరు దగ్గర మళ్లీ జూన్ అని రాశాడు. ఈసారికి చీటీలు లేవని, పాత పద్ధతేనని డాక్టరుగారికి తనే ఫోన్ చేసి చెప్పాడు.

ఈ వసంతంలో అదే పార్కు, అదే కంచె, అవే బాతులు. తుపాకులు పేలగానే కుడివైపు పడ్డాను. ఎక్కడ పడ్డానో ముఖానికి వెంటనే తెలిసింది. జెండా కర్ర వెనకున్న డాక్టరుగారి వైపే వాలింది. ఆయన తన చేతికర్ర నా పక్కన పారేసి, జెండా కర్ర ఊతగా పట్టుకుని బయల్దేరారు.

అంత నెమ్మదైన దాడి ఏ యుద్ధంలోనూ జరిగి ఉండదు. నాలుగడుగులు వేసి ఆగేవారు, ఊపిరి తీసుకుని మళ్లీ నాలుగు. ఎదురుగా శత్రుసైన్యం మొత్తం ఆయన్ని కాలుస్తూనే ఉంది, ఒక్కరికీ గురి కుదరలేదు. పళ్ల డాక్టరైతే ఆకాశంలోకి కాల్చి, మందు కూరడం మరిచిపోయినవాడిలా తుపాకీలోకి తొంగిచూస్తూ నిలబడ్డాడు. డాక్టరుగారు గోడ దగ్గరికి చేరేసరికి గోడ మీదున్న ఇద్దరు శత్రువులు చేయి అందించబోయి, గుర్తొచ్చి, ముందు చచ్చిపోయారు. ఆయన జెండా పాతారు. రెండు సైన్యాలూ చప్పట్లు కొట్టాయి.

బ్యూగిల్ మోగింది. శవాలన్నీ లేచి దుమ్ము దులుపుకున్నాయి. నేను లేవలేదు. డాక్టరుగారు ఎంతసేపో నడిచి వెనక్కి వచ్చి, చేతికర్ర కోసం వంగి, నన్ను చూశారు.

"యుద్ధం అయిపోయిందబ్బాయ్. లే. కంపు కొడుతున్నావు."

"ఒక్క మాట చెప్పి లేస్తానండీ," అన్నాను. "ఆ రోజు మీరు వెనకే ఉన్నారని తెలుసు. మీకు ఆ గోడ ఎంత కావాలో తెలుసు. తెలిసే పడలేదు. తప్పు నాది డాక్టరుగారూ. నన్ను క్షమించండి."