చెల్లెలి కంచంలోకి రాని మునగాకు

పోయిన వారం కడపలో చుట్టాలింటికి పోయి, మోకాళ్ల మాత్రల కోసం మందుల అంగడికి వెళితే, నా పక్కన నిలబడిన ఒక తల్లి, కడుపుతో ఉన్న కూతురికి మునగాకు పొడి సీసా కొని, రోజూ అన్నంలో కలుపుకోమ్మా అని బతిమాలుతోంది. నేను వచ్చిన పని మరిచిపోయి వట్టి చేతులతో బయటికి వచ్చేశాను.

మంత్రాలయం వైపు మా పల్లెలోనే అంగన్‌వాడీ టీచరుగా చేరిన కొత్తలో ఆ మాట చెప్పడమే నా ఉద్యోగం. మన తరం వాళ్లకు తెలియనిదేముంది, వానల్లేని ఊళ్లలో గిన్నెలు కడిగిన నీళ్లతో బతికే చెట్టు మునగ. చేయి లావు కొమ్మ నరికి పాతి, పై కోత ఎండకుండా పేడ ముద్ద పెడితే చాలు, చిగురేస్తుంది. సంచిలో కొమ్మలు వేసుకుని ఇంటింటికీ తిరిగి నాటించేదాన్ని, కడుపుతో ఉన్నవాళ్లకు మునగాకు తాళింపులో చెనిక్కాయల పొడి చల్లి జొన్నరొట్టెతో పెట్టమనేదాన్ని. మా టీచరమ్మంత తెలిసిన మనిషి లేదని ఊళ్లోవాళ్లు నన్నే మునగచెట్టు ఎక్కించేవాళ్లు, నేనూ సంబరంగా ఎక్కేదాన్ని.

ఆ ఏడే నా చెల్లెలు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మాది మగ్గం ఇల్లు. పెరట్లో గిన్నెలు తోమే జాలాడి పక్కన నేను నాటిన మునగ అప్పటికే ఇంటి కప్పు దాటింది. చెల్లెలికి కంటి రెప్పల లోపల తెల్లగా పాలిపోయింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నర్సమ్మ రక్తం బాగా తక్కువని మాత్రలిస్తే, వాంతులవుతున్నాయని మానేసింది. కనీసం ఆకన్నా పెడదామని రెండు రెమ్మలు తుంచుకుని వంటింట్లోకి పోతే అమ్మ నా చేతిలోంచి లాగేసుకుంది.

"మునగాకు శానా ఏడి. కడుపుతో ఉండేదానికి యాడన్నా పెడతారా? నీ సదువు ఊళ్లో చెప్పుకోపో, ఈడ కాదు."

అమ్మ చెడ్డది కాదు. నాకు ముందు ఆమెకు రెండు కడుపులు నిలవలేదు, ఆ భయం అలా మాట్లాడించింది.

గడప దగ్గర నూలు కండెలు చుట్టుకుంటున్న చెల్లెలు తలెత్తి, "నువ్వు తినమంటే తింటాక్కా" అంది. ఊరంతా తిరిగి చెప్పిన నోరు నాది. అమ్మను ఎదిరించలేక, అమ్మ చెప్పినట్టు వినమ్మా అన్నాను.

కాన్పులో రక్తం ఆగలేదు. పట్నం చేరేలోగా తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. గుప్పెడు ఆకు ఆమెను బతికించి ఉండకపోవచ్చని నాకు తెలుసు, తెలిసినంత మాత్రాన నాకేమీ తీరలేదు. ఇంట్లో మునగ ఉంటే చేటని ఎవరో అంటే అమ్మ దాన్ని మొదలంటా నరికించింది. మునగ కదా, మోడు మళ్లీ మళ్లీ చిగురించేది; అమ్మ ఏడుస్తూ ఆ చిగుళ్లు గిల్లి పారేసేది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కొమ్మలు నాటించాను గానీ, చెబుతుంటే నా గొంతు నాకే అబద్ధంలా వినిపించేది.

ఇప్పుడు మా ఊళ్లో గిన్నెల నీళ్లు సిమెంటు కాలవలోకి పోతున్నాయి, కొమ్మ పాతడానికి వాకిట్లో పిడికెడు మట్టి లేదు. మునగాకు వేడి అనే మాట మాత్రం ఎక్కడా వినపడదు. నేను నోరు తెరవగానే, మాకు తెలుసులే అవ్వా అంటారు పడుచుపిల్లలు. సంతోషించాల్సింది పోయి ఏడుపొస్తుంది నాకు. ఇంత చిన్న మాట, నా నోటి వైపే చూస్తూ కూర్చున్న నా చెల్లెలికి చెప్పలేకపోయాను.