ఆ దుకాణం బట్ట కట్టని మా మేనత్త

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే, నేను జగిత్యాలలో పాఠాలు చెప్పే కాలేజీకి తయారవుతుంటే కోరుట్ల నుంచి మా మేనత్త కొడుకు, అంటే మా బావ, ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. నిద్రలోనే పోయిందట. తనే మళ్లీ, "చీర యాడికెల్లి తేవాల్నో నీకు ఎరికే గద" అన్నాడు.

చీర సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి కప్పుతారు. అది వచ్చేదాకా పాడె లేవదు. మా నాన్న పోయాక మా మేనత్తకు పుట్టిల్లంటే నేనొక్కదాన్నే. ఆ చీర ఎక్కడి నుంచైనా రావచ్చు గానీ, కోరుట్ల మెయిన్ రోడ్డు మీది ఆ పెద్ద బట్టల దుకాణం నుంచి మాత్రం రాకూడదు. ఇది ఆమె బతికుండగా పెట్టిన షరతు.

మా మేనత్త బట్టలు కుట్టేది. మామ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో కాలక్షేపానికి కొన్న మిషన్, మామ మంచం పట్టాక, ఆయన పోయాక కూడా ఇల్లు నడిపింది. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. కూరగాయలకు పోయినా టేపుతోనే పోయేది. కొలతలు తీసుకునేటప్పుడు పెళ్లికూతుళ్లు పొట్ట లోపలికి లాక్కుంటే ఊరుకునేది కాదు. "రేపు మండపంల గూడ గిట్లనే ఊపిరి బిగవట్టుకొని కూసుంటవా? ఇడువు" అనేది. ఆమె కుట్టిన జాకెట్టు వేసుకుంటే హాయిగా అన్నం తినవచ్చు. నాకు తెలిసి దర్జీకి అంతకన్నా పెద్ద పేరు అక్కర్లేదు.

నేను పుట్టిన రోజే నన్ను కోడలని ఖాయం చేసుకుందట. ఆ ముచ్చట ఎత్తినప్పుడల్లా నేనూ బావా చెరో దిక్కు పారిపోయేవాళ్లం. బావ మోటార్లకు వైండింగ్ చేసుకుంటూ, తనకు నచ్చిన పిల్లను చేసుకొని సుఖంగా ఉన్నాడు. నేను రజితతో సుఖంగా ఉన్నాను. రజితది సిరిసిల్ల. వాళ్ల నాన్న సాంచలు నడిపిస్తాడు. పవర్‌లూమ్ మగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. రజిత జగిత్యాలలోనే ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మా సంగతి తెలిసిన నాటి నుంచి వాళ్ల నాన్న రజితతో మాట్లాడడం మానేశాడు.

మేనత్తకు ఈ సంగతి నేనే చెప్పాను. రజితను అప్పటికే చాలాసార్లు వాళ్లింటికి తీసుకెళ్లాను, స్నేహితురాలని చెప్పి. ఒక మధ్యాహ్నం ఆమె జాకెట్టుకు చేతులు కుడుతుంటే, మేమిద్దరం ఒక ఇంట్లో ఉంటున్నది స్నేహితుల్లాగా కాదని, జీవితమంతా అలాగే ఉండబోతున్నామని చెప్పేశాను. ఆమె కుట్టు చివరిదాకా మిషన్ ఆపలేదు. తర్వాత దారం కొరికి, రజిత వైపు చూసింది. మీరు నమ్మండి నమ్మకపోండి, మా మేనత్తకు వచ్చిన అనుమానమల్లా వరస గురించే. రజిత నన్ను చూసి తనూ ఆమెను అత్తా అని పిలిచేది. అది తప్పని ఆమెకు తోచింది.

"గీమె నాకు కోడలు. కోడలు మొగడు నాకు కొడుకు వరస. నువ్వు మొగోనివి గావు, బిడ్డవైతవు" అంది రజితతో. "నాకు ఆడపిల్ల లేకుండె. మంచిగైంది. ఇగ అత్త అనకు, పెద్దమ్మ అను."

సాయంత్రం బావ ఇంటికొస్తే అంతా వివరించి చెప్పింది. బావ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, "నాకంటె పెద్దదా, చిన్నదా?" అని అడిగాడు. చిన్నది అన్నాను. "అయితె చెల్లె" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నేను వంటింట్లోకి పోయి వెక్కివెక్కి ఏడ్చాను. నా జీవితంలో అంత సులువుగా ఏదీ జరగలేదు.

ఇక దుకాణం సంగతి. ఆ దుకాణం సేటు చెడ్డవాడని నేను చెప్పడం లేదు. మా మేనత్తను అక్కా అనేవాడు. చీరలకు ఫాల్, పీకో పని ఆమెకే పంపేవాడు. మామకు గుండెనొప్పి వచ్చినప్పుడు తన కారిచ్చి జగిత్యాల ఆస్పత్రికి పంపించాడు. ఏటా బతుకమ్మకు నేను ఆమెకు పుట్టింటి చీర కొనేది కూడా అక్కడే. రెండేళ్ల కింద బతుకమ్మ రోజుల్లో మేనత్త, రజిత, నేను ముగ్గురం అక్కడ పరుపు మీద కూర్చుని చీరలు విప్పిస్తున్నాం. గోడ మీద టీవీ నడుస్తోంది. ఇద్దరు మగవాళ్లు గానీ ఇద్దరు ఆడవాళ్లు గానీ చేసుకునే పెళ్లిని తాము చట్టబద్ధం చేయలేమని పెద్ద కోర్టు తీర్పు చెప్పిందని వార్త వచ్చింది. సేటు గల్లా దగ్గర నుంచే దుకాణమంతా వినబడేటట్టు, "మంచిగైంది. గసొంటోళ్లకు పెండ్లేంది? ఊరికెల్లి ఎల్లగొట్టాలె. గసొంటి పెండ్లికి నా దుకాణంల జాకెట్ ముక్క గూడ అమ్మనియ్య" అన్నాడు. కొందరు నవ్వారు.

మా మేనత్త అప్పటికి ఒక మామిడిపండు రంగు చీర భుజాన వేసుకొని అద్దంలో చూసుకుంటోంది. ఆ చీర తీసి, మడతల మీద మడత పెట్టి, పనివాడి చేతికిచ్చింది. మా ఇద్దరి వైపూ చూసింది. చెప్పనా అని అడుగుతోందని నాకు అర్థమైంది. నేను పనిచేసేది ప్రైవేటు కాలేజీలో, సంగతి బయటపడితే ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం లేదు. రజిత తల ఊపింది. ఆమెను చూసి నేనూ ఊపాను.

"సేటూ, గసొంటోళ్లు నా ఇంట్ల ఉన్నరు" అంది మా మేనత్త. "నా బిడ్డకు అమ్మని బట్ట నాకెందుకు? బతికినన్ని దినాలే గాదు, సచ్చినంక గూడ నీ దుకాణం బట్ట నా మీద పడది."

సేటు వేళాకోళం అనుకున్నాడు. టీవీలో ముచ్చటకు కోపమెందుకక్కా అన్నాడు. ఆమె చెప్పులు వేసుకొని మెట్లు దిగింది. బయటికొచ్చాక ఆమె అన్న మొదటి మాట, "గా చీర రంగు గూడ మంచిగ లేకుండె" అని. పచ్చి అబద్ధం. ఆ చీర ఆమెకు ఎంత నచ్చిందో నేను అద్దంలో చూశాను.

చేతిలో ఉన్న ఫాల్ పని పూర్తి చేసి పంపించి, ఇక పంపవద్దని కబురు పెట్టింది. తర్వాత ఇంటి మీద పడింది. కోరుట్లలో ఆ దుకాణం సంచీ లేని ఇల్లు ఉండదు. ఆమె సంచులన్నీ తిరగేసి, పేరు లోపలికి పోయేటట్టు మళ్లీ కుట్టింది. గోడకు ఆ దుకాణం క్యాలెండర్ ఉంది, దాని మీద రాజన్న దేవుడి బొమ్మ. దేవుణ్ని పారేయకూడదు కదా. పెద్ద కత్తెర తీసుకొని కింద దుకాణం పేరు, దానితోపాటు తారీకుల కట్ట, అన్నీ కత్తిరించి దేవుణ్ని ఒక్కణ్నే మళ్లీ తగిలించింది. తారీకులు ఎట్లా చూస్తావని అడిగితే, ఫోన్‌లో ఉంటాయి కదా అంది.

శుభకార్యాల్లో ఎవరైనా ఆ దుకాణం చీర పెడితే బొట్టు పెట్టించుకొని తీసుకునేది, వాకిలి దాటగానే ఎవరికో ఒకరికి ఇచ్చేసేది. తన దగ్గరికి కుట్టడానికి వచ్చే బట్ట ఎక్కడిదని మాత్రం ఎప్పుడూ అడగలేదు. వాళ్ల బట్ట వాళ్లిష్టం, నా ఒళ్లు నా ఇష్టం అనేది. రజిత వాళ్లమ్మ, భర్తకు చెప్పీ చెప్పకుండా, సిరిసిల్ల నుంచి లంగా బట్ట, లైనింగు బట్ట బస్సులో పంపేది. మా మేనత్త అది మిషన్ పక్కన పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. పీకో పని పోయిన లోటు కొంత అలా తీరింది. ఊళ్లో ఆమెను మిషన్ అక్క అనేవారు, మిషన్ అక్కకు చాదస్తం ముదిరిందన్నారు. మా గురించి తెలిసి కొందరు రావడం మానేశారు. వాళ్లలో చాలామంది, వేరేచోట కుట్టించుకొని, చంకల దగ్గర పట్టేస్తుంటే తిరిగొచ్చారు. ఆమె ఏమీ అనకుండా కుట్లు విప్పి సరిచేసి ఇచ్చింది.

నాకే భయమేసేది. కాలేజీలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక ఆదివారం ఆమెతో వాదం పెట్టుకున్నాను. నువ్వొక్కదానివి కొనకపోతే ఆయనకేం తగ్గుతుంది, మామకు కారిచ్చిన మనిషి కదా అన్నాను. గుండీలు కుడుతున్న ఆమె తల ఎత్తలేదు.

"ఇచ్చిండు. నేను సచ్చేదాక మర్సిపోను. మంచోడు గాబట్టే గా మాట గుచ్చుకున్నది" అంది. గుండీ దారం కొరికి, "వాని బట్ట కట్టుకుంటె వాని మాట గూడ కట్టుకున్నట్టు ఉంటది నాకు. నీకు గట్ల లేకుంటె నువ్వు పొయ్యి కొనుక్కో" అంది.

నేను పోలేదు. కాలేజీలో ఇంకా పాఠాలు చెబుతూనే ఉన్నాను, ఇద్దరం అదే ఇంట్లో ఉంటూనే ఉన్నాం. హైదరాబాదు పొమ్మని సలహా ఇచ్చినవాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే. మా మేనత్త రోజూ ఆ దుకాణం ముందు నుంచే కూరగాయలకు పోయి వచ్చేది, వేరే సందులోంచి కాదు. మేమెందుకు పోవాలి?

సేటు ఒకసారి బావతో కబురు పంపాడు, పాత మాటలు పట్టుకొని కూర్చుంటే ఎట్లా, అక్కను రమ్మను అని. ఆ మాట వాపసు తీసుకుంటే రేపే వస్తానని ఆమె తిరుగు కబురు పెట్టింది. అది తన నమ్మకమని, మార్చుకోనని ఆయన అన్నాడు. ఆమెదీ నమ్మకమే. అలా ఇద్దరూ ఉండిపోయారు. మేము గెలిచామని గొప్పలు చెప్పను. ఈ రెండేళ్లలో ఆ దుకాణం ఇంకో అంతస్తు లేచింది, ఏసీ కూడా వచ్చింది.

ఆ మధ్య ఒకసారి, తాను పోయినప్పుడు పుట్టింటి చీర సిరిసిల్ల నుంచే రావాలని చెప్పింది. "తెల్లది తెచ్చిండ్రో, లేసి కూసుంట" అని బెదిరించింది. అందరం నవ్వాం.

ఫోన్ వచ్చిన పొద్దున నేను బస్సులో కోరుట్లకు, రజిత స్కూటీ మీద సిరిసిల్లకు బయలుదేరాం. మధ్యాహ్నం దాటింది. రజిత రాలేదు. వాకిట్లో పెద్దవాళ్లు విసుక్కుంటున్నారు. పక్కనే అంత పెద్ద దుకాణం పెట్టుకొని చీర కోసం సిరిసిల్ల పోవడమేమిటని ఒకాయన నన్ను నిలదీశాడు. అది ఆమె చెప్పిపోయిన మాట అన్నాను. పోయినవాళ్లకు ఏం తెలుస్తుందన్నాడు. మాకు తెలుస్తుంది కదా అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయినట్టుంది, ఆయన అవతలికి పోయాడు.

అప్పుడే సేటు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిజంగానే ఏడ్చాడు, అది నేను కాదనను. చేతిలో తన దుకాణం కవరు, అందులో పట్టుచీర. అరుగు మీద పడుకోబెట్టిన ఆమె దగ్గరికి పోబోతుంటే బావ అడ్డం వచ్చాడు. మా బావ జన్మలో ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు.

"గా మాట వాపస్ తీసుకున్నరా, సేటూ?" అని మెల్లగా అడిగాడు.

సేటు కవరును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. బావ చాలాసేపు ఎదురుచూశాడు, నిజంగా ఆశపడుతున్నవాడిలాగానే.

"అయితె చీర వద్దు. దండం పెట్టుండ్రి, సాలు" అన్నాడు.

సేటు దండం పెట్టి, లోపల గోడవారన కుర్చీలో కూర్చున్నాడు, కవరు ఒళ్లో పెట్టుకొని. ఎదురుగా రాజన్న క్యాలెండర్. తను పంచిన క్యాలెండర్ తనకు తెలియకుండా ఉంటుందా? కింద కత్తెర కోసిన చోటునే చూస్తూ ఉండిపోయాడు.

రజిత వచ్చింది, ముఖానికి టవల్ చుట్టుకొని, నిలువెల్లా దుమ్ముతో. చేతిలో ముదురు నీలం నేత చీర, సన్నటి అంచు. వాళ్లమ్మ చీర తీసిస్తుంటే నాన్న సాంచ ఆపి ఎవరికని ఆమెను అడిగాడట. మా పెద్దమ్మకు అని రజితే అందట. ఎండల పోతున్నవ్, టవల్ చుట్టుకో అన్నాడట. ఇన్నేళ్ల తర్వాత ఆయన రజితతో అన్న మొదటి మాట అదే. ఆ టవల్ ఆయనదే.

చీర మడత విప్పి ఒక కొస నేను పట్టుకున్నాను. రెండో కొస రజిత పట్టుకొని కాళ్ల దగ్గర నిలబడింది. తల దగ్గర కూర్చున్న ఒక ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"గీ పిల్ల ఏమైతది? అయినోళ్లే పట్టాలె" అంది.

నేను నోరు తెరిచేలోపే బావ అన్నాడు, లోపలి కుర్చీ దాకా వినబడేటట్టు. "మా అమ్మకు బిడ్డ. నాకు చెల్లె."

ముసలామె రజితను కింది నుంచి పైదాకా చూసి, జరిగి చోటిచ్చింది. "మరి కాళ్లకాడ నిలవడ్డవేంది బిడ్డా? తలకాడికి రా" అంది.

చీర కప్పాం. గాలికి అంచు మాటిమాటికీ లేస్తుంటే, పాడె ఎత్తేదాకా రజిత ఆమె భుజం దగ్గర చెయ్యి ఆనించి పట్టుకుని ఉంది.