బాబాయి దిగే మెట్టు

మా బాబాయి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మిషన్ కాస్త కిర్రుమంటే చాలు, ఏ స్క్రూ గోల పెడుతోందో చెప్పేస్తాడు. తన గొంతులోని కిర్రు మాత్రం ఆ చెవుల దాకా రాదు. ఆయనకు వచ్చింది ఒకే పాట. దాని చివర గొంతు పైకి ఎక్కాలి. అంత ఎత్తు అందక, బాబాయి దర్జాగా కిందికి దిగుతాడు.

"మీ పాటలో ఏదో తేడా ఉందండీ" అంటుంది పిన్ని.

"ఎక్కడుందో చెప్పు!"

"అంతటా."

నేను పనిచేసే ల్యాబ్‌లో, మనిషి చెవి పాటను ఎలా వింటుందో కంప్యూటర్‌కు నేర్పుతున్నారు. వచ్చినవాళ్ళకు హెడ్‌ఫోన్లు తగిలించడం నా పని. లోపల న్యూరల్ నెట్‌వర్క్ అని ఒకటుంది. అది వేల పాటలు విని, తర్వాత ఏ స్వరం వస్తుందో ఊహిస్తుంది. ఊహ తప్పితే తెర మీద గీత ఎగిరిపడుతుంది. మనుషులూ అక్కడే ఉలిక్కిపడతారా అని ల్యాబ్ నడిపే మేడమ్ చూస్తుంది.

ఈ సంగతి ఇంట్లో నోరుజారాను.

"తేలిపోతుంది! ఆ పెట్టె నాది తప్పంటే ఇంట్లో ఇక పాడను" అన్నాడు బాబాయి.

పిన్ని అప్పటికే చెప్పులు వేసుకుంది.

ల్యాబ్‌లో బాబాయి మైకు ముందు కళ్ళు మూసుకుని పాడాడు. చివర్లో దిగాడు. గీత నిలువునా లేచింది. కళ్ళు తెరిచి చూసిన బాబాయి మొహం చిన్నబోయింది.

తర్వాత పిన్ని కూర్చుంది. అదే పాటను ఎవరో వేణువు మీద సరైన స్వరాలతో వాయించిన రికార్డింగు మేడమ్ వినిపించింది. తప్పనిపించిన చోట మీట నొక్కాలి. చివరిదాకా గీత కదల్లేదు. పిన్ని మాత్రం టక్కున నొక్కింది.

"ఇదిగో, ఇక్కడే! దిగాల్సిన చోట ఎక్కేశాడు. ఎవరమ్మా ఈయన, పాట రాకుండానే వాయించాడు?"

నేను హెడ్‌ఫోన్లు తుడుస్తూ తల వంచుకున్నాను. మేడమ్ నవ్వింది.

"దేన్ని ఎక్కువగా వింటే అదే సరైనదనిపిస్తుందండీ. నెట్‌వర్క్ వేలమందిని వింది. మీరు మీ ఆయన్ని విన్నారు."

"విన్నారా? నా చెవులు కూడా పాడుచేశారు!" అంది పిన్ని బాబాయితో.

బాబాయి మాట మీద నిలబడ్డాడు. మర్నాడంతా నోరు మెదపకుండా మిషన్లకు నూనె వేశాడు. ఇల్లు బోసిపోయింది. వంటింట్లో గిన్నెల మోత పెరిగింది.

"నోట్లో బెల్లమేమైనా పెట్టుకున్నారా?" అంది పిన్ని.

"ఓడిపోయాను కదే."

"ఓడింది ఆ పెట్టె దగ్గర. నా దగ్గర కాదుగా. పాడండి, కాస్త మెల్లగా."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. పాట చివరికి రాగానే వంటింట్లో గరిట ఆగింది. బాబాయి దిగాడు. గరిట మళ్ళీ కదిలింది.