భవానీప్రసాద్ ఆదివారం క్యారేజీ

జగ్గయ్యపేటలో ఫొటో స్టూడియో నడిపే భవానీప్రసాద్‌కి నందిగామలో చిన్నిల్లు ఉందని ఊరంతా గుప్పుమంది. ఇందులో రవ్వంత నిజం లేదు. చిన్నిల్లు పెట్టాలంటే గుండెధైర్యం కావాలి. ఆయన దగ్గర లేనిదల్లా అదే. పుట్టినప్పటి నుంచీ ఆయన్ని అంటిపెట్టుకుని ఉన్నది భయం ఒక్కటే.

ఏది చూసినా "పోతే?" అంటాడు. షాపుకి రెండు తాళాలు. "ఒకటి పోతే?" పంచె కట్టి, పైన బెల్టు. "ముడి పోతే?" ఒక పెళ్ళిలో తాళి కట్టేశాక పెళ్ళికొడుకు చెవిలో, "ఇంకోసారి కట్టండి బాబూ, ఇందాకటి ఫొటో పోతే?" అన్నాడు. పురోహితుడు పీటల మీంచి లేచి వెంటపడ్డాడు.

ఆదివారం ఆదివారం ఆయన నాలుగు గిన్నెల క్యారేజీ గుండెలకి హత్తుకుని నందిగామ బస్సెక్కేవాడు. పుకారుకి మూలం అదే. మూత తియ్యమని పక్కింటి పున్నమ్మ ఎన్నోసార్లు అడిగింది. తీస్తేనా!

రెండువేల ఆరు వానాకాలంలో పున్నమ్మ అత్తగారు కనకవల్లి పోయింది. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని బతికినన్నాళ్ళూ కెమెరాకి మొహం చాటేసిన మనిషి. ఒక్కసారి మాత్రం మునిమనవరాలి చెవులు కుట్టిన రోజున భవానీప్రసాద్‌కి దొరికిపోయింది.

"భవానీ, ఎల్లుండి పెద్దకర్మ. దండ వెయ్యడానికి ఆ ఒక్క ఫొటోయే దిక్కు. ఇప్పించు నాయనా," అంది పున్నమ్మ.

భవానీప్రసాద్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మొన్న పిడుగు పడ్డప్పుడు కంప్యూటర్ పోయింది, పిన్నిగారూ."

"మరి జన్మంతా 'పోతే, పోతే' అని ఏడ్చావు కదయ్యా!"

"ఉన్నాయండి, సీడీలు ఉన్నాయి!" అంటూ బియ్యం డబ్బాలోంచి మూట తీశాడు. అద్దెకి తెచ్చిన కంప్యూటర్లో పెడితే తెర నిండా చిన్న చిన్న బాణం గుర్తులు. ఏది నొక్కినా ఫొటో లేదంటుంది. ఇన్నాళ్ళూ ఫొటోలు ఎక్కిస్తున్నాననుకుని, వాటికి దారి చూపే షార్ట్‌కట్ గుర్తులు ఎక్కించాడు. ఇల్లు కాలిపోయాక చేతిలో అడ్రసు మిగిలినట్టయింది.

"పిన్నిగారూ, నందిగామలోవి కూడా ఇలాగే ఉంటే?"

"నందిగామలో ఏమున్నాయిరా?" అంది పున్నమ్మ, చిన్నిల్లు పుకారు గుర్తొచ్చి.

అప్పుడు తీశాడు క్యారేజీ మూత. పై గిన్నెలో పెరుగన్నం. అడుగు గిన్నెలో పాత జరీపంచె ముక్కలో చుట్టిన హార్డ్ డిస్కు. పిడుగు పడ్డప్పుడు కంప్యూటర్‌కే తగిలించి ఉండి, అదీ మాడిపోయిందట. అలాంటివి రెండున్నాయట. వారం వారం ఒకటి నందిగామలో అక్క శ్యామలాదేవి బీరువాలో పెట్టి, రెండోది తెచ్చుకుంటాడట.

వానలోనే బస్సెక్కారు. దారి పొడుగునా ఆయన దేవుళ్ళని పిలిచాడు. ఆవిడ ఆయన్ని తిట్టింది. శ్యామలాదేవి తలుపు తీసి, "ఏరా, ఆదివారం కాకుండా ఊడిపడ్డావు?" అంటూనే పట్టుచీరల మధ్యలోంచి డిస్కు తీసి చేతిలో పెట్టింది.

కింద వాటాలో నెట్ సెంటర్. పున్నమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "తెరువు."

"తెరిస్తే పోతే? ముందు దీనికి ఇంకో కాపీ తీసి, అప్పుడు చూద్దామండి."

"నీ భయం పాడుగాను!"

కాపీ ఎంతయిందో చూపే పచ్చ గీత తెర మీద పాకడం మొదలెట్టింది. పది నిమిషాలంది. కాసేపటికి రెండు గంటలంది. సగంలో కదలడం మానేసింది. బయట ఉరిమింది. లైటు మినుకుమంది.

"కరెంటు పో..."

"ఆ మాటన్నావంటే చంపేస్తా!" పున్నమ్మ ఆయన నోరు మూసేసింది.

గీత ఒక్క గెంతు గెంతి పూర్తయింది. భవానీప్రసాద్ కళ్ళు మూసుకుని నొక్కాడు.

బాణాలు కావు, ఫొటోలే! అన్నప్రాసనలు, గృహప్రవేశాలు, ఎవరూ ప్రింటు వేయించుకోనివి, ఎవరూ పట్టుకెళ్ళనివి. పేటలో సగం జనం బిలబిలమని తెర మీదికి వచ్చేశారు. వాళ్ళ మధ్య కనకవల్లి, బోసినోరంతా తెరిచి నవ్వుతూ.

పున్నమ్మ కళ్ళు తుడుచుకుని నిలదీసింది.

"పళ్ళు లేకుండా తీశావు, చెరిపెయ్యమని మా అత్తగారు నా ఎదురుగానే చెప్పింది కదరా. సరేనని తలూపావు కూడా. నువ్వు చెరపవని తెలిసే వచ్చాననుకో. అడగనివాళ్ళవీ, వద్దన్నవాళ్ళవీ ఇన్నేళ్ళు మోసుకు తిరగడం నీకెందుకయ్యా?"

భవానీప్రసాద్ జరీపంచె ముక్కతో చెమట తుడుచుకున్నాడు.

"ఏం చెయ్యమంటారండీ? అందరూ ఫొటో దిగేసి ధీమాగా ఇంటికెళ్ళిపోతారు. ఊళ్ళో ఒక్కడైనా భయపడొద్దూ?"